ముప్పై, నలభై, యాభై: పల్నాటి ఎండలో తిరిగే కారుకు ఆయిల్ గ్రేడ్ ఎంపిక (కేస్ స్టడీ)

1200 సీసీ పెట్రోలు కారు. నాలుగు సిలిండర్లు, ఇన్‌టేక్ క్యామ్‌కు వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని ఆయిల్ ఒత్తిడితో మార్చే ఏర్పాటు). రీడింగు 1,42,000 కిలోమీటర్లు. మాచర్ల–గుంటూరు మధ్య కిరాయికి తిరిగే బండి, అప్పుడప్పుడూ హైదరాబాదు. ఓనర్ మాన్యువల్లో మొదటి సిఫారసు 5డబ్ల్యూ-30 గ్రేడు ఆయిల్ (ఈ అంకెల అర్థం కింద వస్తుంది). దాని కిందే, ఎండ ఎక్కువ ఉండే చోట్లకు 5డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-40 కూడా వాడవచ్చని ఉష్ణోగ్రత పట్టిక ఉంది. చాలామంది ఆ పట్టిక దాకా పోరు. ఆయిల్ ఫిల్టరుతో కలిపి 3.6 లీటర్లు పడుతుంది. పూర్తిగా విప్పి కట్టిన ఇంజన్‌కైతే 4 లీటర్లు. అంటే డ్రెయిన్ బోల్టు ఎంత సేపు తీసి ఉంచినా 400 మిల్లీలీటర్ల పాత ఆయిల్ లోపలే ఉంటుంది. ఈ అంకెతో తర్వాత పని పడుతుంది.

జనవరిలో బండి గ్యారేజీకి వచ్చినప్పుడు చెప్పిన ఇబ్బందులు మూడు. పొద్దున సెల్ఫ్ కొట్టగానే హెడ్డులో నాలుగైదు సెకన్లు గరగర, ఆ తర్వాత ఓ నిమిషం ట్యాపెట్ల టికటిక. మైలేజీ లీటరుకు 17 నుంచి 15.5కు పడింది. చెక్ ఇంజన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పి0011 కోడ్, అంటే క్యామ్ టైమింగ్ ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) అడిగిన చోట నిలబడటం లేదు.

వీటి వెనక కథ మే నెలది. రెంటచింతల దాటాక బ్రేకు కొట్టినప్పుడల్లా, మలుపు తిప్పినప్పుడల్లా ఆయిల్ లైటు మినుకుమనేది. ఎండకు ఆయిల్ నీళ్లయిపోతోందని 20డబ్ల్యూ-50 పోశారు. లైటు ఆగింది. అక్టోబరులో మళ్లీ అదే పోశారు. ఇంజన్ పాతబడింది, ఊరు ఎండ ఊరు, చిక్కటి ఆయిలే మంచిదన్న నమ్మకం స్థిరపడిపోయింది.

లైటు నిజంగా ఎందుకు వెలిగింది

గ్రేడ్ గురించి ఆలోచించే ముందు చూడాల్సినవి రెండు: ఎంత ఆయిల్ ఉంది, ఎంత ప్రెషర్ వస్తోంది. మొదటిదానికి డిప్‌స్టిక్ ఒక్కటే చాలదు. దించిన ఆయిల్‌ను కొలపాత్రలో పోసి చూడాలి. ఈ బండి వేడిమీద ఉండగా పావుగంట కారనిస్తే, ఫిల్టరులోదీ కలుపుకొని 2.7 లీటర్లు వచ్చింది. 0.9 లీటర్లు తక్కువ. అక్టోబరు నుంచి తిరిగింది 4,500 కిలోమీటర్లు. అంటే వెయ్యి కిలోమీటర్లకు 200 మిల్లీలీటర్లు తాగుతోంది.

మే నాటికి అందులో ఉన్న 5డబ్ల్యూ-30 పోసి 9,000 కిలోమీటర్లు దాటింది, మధ్యలో ఒక్క చుక్క కూడా టాప్ అప్ చేయలేదు. అదే రేటు పట్టినా 1.8 లీటర్లు ఖర్చయి ఉండాలి. సగం ఖాళీ అయిన చాంబర్లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) బ్రేకు కొడితే ఆయిల్ ముందుకు పోతుంది, పంపు ఆయిల్ లాగే పికప్ జల్లెడ గాలి పీలుస్తుంది, లైటు మినుకుమంటుంది. స్లో రన్నింగులో నిలకడగా వెలిగే లైటు ప్రెషర్ సంగతి చెబుతుంది. బ్రేకుకూ మలుపుకూ మాత్రమే వెలిగేది దాదాపు ఎప్పుడూ లెవెల్ సంగతే. ఆ రోజు రెండు పనులు ఒకేసారి జరిగాయి: గ్రేడ్ మారింది, లెవెల్ నిండింది. జబ్బు నయం చేసింది లెవెల్, పేరు వచ్చింది మాత్రం గ్రేడ్‌కు.

రెండోది ప్రెషర్. ఆయిల్ లైటు స్విచ్ విప్పి, ఆ రంధ్రంలోనే మెకానికల్ గేజ్ బిగించాలి. జపాన్, కొరియా ఇంజన్లలో అక్కడ సాధారణంగా ఎనిమిదో వంతు అంగుళం టేపర్ మర ఉంటుంది, మెట్రిక్ మరల అడాప్టర్‌ను బలవంతంగా తిప్పితే బ్లాకు మర పోతుంది. ఆయిల్ ఉష్ణోగ్రత కోసం వేడిని కొలిచే సన్నటి థర్మోకపుల్ తీగను డిప్‌స్టిక్ గొట్టంలోంచి ఆయిల్‌లో మునిగేదాకా దించాలి. డ్యాష్‌బోర్డు ముల్లు చూపేది నీళ్ల వేడి. ఆయిల్ వేడి దానికి ఇరవై డిగ్రీలు అటూ ఇటూ ఉండొచ్చు.

లెవెల్ సరిచేసి, ఆయిల్ 95 డిగ్రీలకు వచ్చాక తీసిన రీడింగులు: 20డబ్ల్యూ-50తో స్లో రన్నింగులో 1.4 బార్, 3000 ఆర్‌పీఎం దగ్గర 4.6 బార్. తర్వాత 5డబ్ల్యూ-30 పోసి చూస్తే 0.9, 3.2. ఈ ఇంజన్‌కు వర్క్‌షాప్ మాన్యువల్ అడిగేది కనీసం 0.5, 2.5. లైటు స్విచ్ 0.3 బార్ దగ్గర పడుతుంది. బేరింగులు బాగున్నాయి, పంపు బాగుంది, సరైన లెవెల్‌లో ఉంటే 5డబ్ల్యూ-30 కూడా ఈ ఇంజన్‌కు సరిపోతుంది. గేజ్ పెట్టకుండా ఈ మాట ఎవరూ చెప్పలేరు.

ఆయిల్ తాగడానికి కారణం వేరు. కంప్రెషన్ నాలుగింటిలోనూ 12 బార్ చుట్టుపక్కల ఉంది, స్పార్క్ ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ తీసినా పెద్దగా పెరగలేదు. అంటే కంప్రెషన్ రింగులు సరిగానే ఉన్నాయి. పది నిమిషాలు స్లో రన్నింగులో ఉంచి ఒక్కసారి రేస్ ఇస్తే సైలెన్సర్ నుంచి నీలం పొగ వచ్చింది. అది వాల్వ్ సీల్స్ (వాల్వు కాడ వెంట ఆయిల్ కారకుండా ఆపే రబ్బర్లు) పోయిన లక్షణం. పీసీవీ వాల్వ్ (ఇంజన్ అడుగు భాగంలోని ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది) విప్పి ఊపితే లోపల చప్పుడే లేదు, జిగురు పట్టి తెరుచుకున్న చోటే ఆగిపోయింది. రెండూ మార్చారు. చిక్కటి ఆయిల్‌తో ఈ కారడం కాస్త తగ్గి ఉంటుంది, అంతే. గట్టిపడ్డ రబ్బరును ఏ గ్రేడూ మెత్తబరచదు.

20డబ్ల్యూ-50 ఏం చేసింది

చాలామంది మెకానిక్కులు కూడా డబ్ల్యూ అంటే బరువు అనుకుంటారు. అది వింటర్‌కు గుర్తు. దాని ముందున్న అంకె చల్లటి ఇంజన్‌లో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, వెనకున్న అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనం ఏ పరిధిలో ఉందో చెబుతుంది. ఎస్‌ఏఈ జే300 ప్రమాణం ప్రకారం 100 డిగ్రీల దగ్గర పరిధులు ఇవి (సెంటీస్టోకు చిక్కదనానికి కొలమానం):

20 గ్రేడ్: 6.9 నుంచి 9.3 సెంటీస్టోకుల లోపు
30 గ్రేడ్: 9.3 నుంచి 12.5 లోపు
40 గ్రేడ్: 12.5 నుంచి 16.3 లోపు
50 గ్రేడ్: 16.3 నుంచి 21.9 లోపు

మన దగ్గర మంచు పడదు కదా, ముందు అంకెతో పనేముంది అన్న ప్రశ్న వస్తుంది. ఈ కేసులో వాడిన ఆయిళ్ల డేటా షీట్ల నుంచి (5డబ్ల్యూ-30: 40 డిగ్రీల దగ్గర 62, 100 దగ్గర 10.5, 5డబ్ల్యూ-40: 88, 14, 20డబ్ల్యూ-50: 165, 18.5) లెక్క కడితే, 20 డిగ్రీల పొద్దుటి చలికి చిక్కదనాలు వరసగా 160, 230, 535 సెంటీస్టోకుల చుట్టూ తేలతాయి. యాభై గ్రేడు ఆయిల్ ముప్పై కన్నా మూడు రెట్లకు పైగా చిక్కన. వీవీటీ పని చేసేది సన్నటి జల్లెడ దాటి వచ్చే ఆయిల్ ఒత్తిడితోనే. ఆయిల్ ఆలస్యమైతే క్యామ్ ఆలస్యంగా తిరుగుతుంది, ఈసీయూ పి0011 రాసుకుంటుంది. వీవీటీ దాకా ప్రెషర్ చేరేలోపు వచ్చేదే ఆ గరగర.

చలిమీద చిక్కటి ఆయిల్ ఇంకో పనీ చేస్తుంది. ఫిల్టరు కాగితం గుండా అంత ఆయిల్ పోలేక బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. గేజ్ మాత్రం 5 బార్ దాటి చూపిస్తుంది, చూసినవాళ్లు ప్రెషర్ బ్రహ్మాండం అనుకుంటారు. ఆ సమయంలో బేరింగులకు వెళ్తున్నది వడపోయని ఆయిల్. గేజ్ చూపేది అడ్డు ఎంతుందో. పారుతున్నది ఎంతో అది చెప్పదు.

మరి 5డబ్ల్యూ-30తోనే ఆగిపోవచ్చు కదా

ఆగవచ్చు. బండి గుంటూరులో ఊళ్లో తిరిగేదైతే అదే సలహా. ఇక్కడ తేడా తెచ్చింది వాడకం: ఐదుగురు మనుషులు, పైన క్యారియర్ నిండా సామాను, ఏసీ, 45 డిగ్రీల ఎండలో గంటల తరబడి 90–100 వేగం. ఇలాంటి చిన్న కార్లకు ఆయిల్ కూలర్ ఉండదు. చాంబర్ రేకును తాకే గాలే ఆయిల్‌ను చల్లబరచాలి, ఆ గాలే కాలుతుంటే ఆయిల్ వేడి పెరుగుతుంది. 100 డిగ్రీల దగ్గర కొలిచిన అంకెలు 120 దగ్గర ఇలా మారతాయి: 5డబ్ల్యూ-30 దాదాపు 7.1, 5డబ్ల్యూ-40 దాదాపు 9.3, 20డబ్ల్యూ-50 దాదాపు 11.6. ఇదే లెక్కను ఇంకోలా తిప్పితే, 114 డిగ్రీల దగ్గర ఉన్న 5డబ్ల్యూ-40 చిక్కదనం, 100 డిగ్రీల దగ్గర ఉన్న 5డబ్ల్యూ-30 చిక్కదనం ఒకటే, 10.5. ఒక గ్రేడు పైకి పోవడమంటే ఈ రెండు ఆయిళ్ల విషయంలో 14 డిగ్రీల వేడిని సరిచేసుకోవడం. ఇంజన్ వయసు చూసి గ్రేడు పెంచడం కన్నా ఆయిల్ ఉష్ణోగ్రత కొలిచి పెంచడం ఎంతో నమ్మకమైన పద్ధతి.

చూడాల్సిన ఇంకో అంకె హెచ్‌టీహెచ్‌ఎస్. 150 డిగ్రీల దగ్గర, బేరింగు సందులో ఉండేంత ఒరిపిడిలో మిగిలే చిక్కదనం అది. 30 గ్రేడుకు కనీసం 2.9, 5డబ్ల్యూ-40కి కనీసం 3.5 మిల్లీపాస్కల్ సెకండ్లు. ఏసీఈఏ (ఐరోపా కార్ల కంపెనీల సంఘం) ఏ5/బీ5 ప్రమాణం రాసిన 5డబ్ల్యూ-30 అయితే 2.9–3.5 మధ్యే ఉంటుంది. సీ3 రాసినదైతే 5డబ్ల్యూ-30 అయినా 3.5 ఉండాల్సిందే. డబ్బా మీద గ్రేడు ఒకటే, లోపలి ఆయిళ్లు రెండు రకాలు. షాపులో ఎవరూ ఇది చెప్పరు, డబ్బా వెనక సన్నక్షరాలు చదవాలి.

నిర్ణయం: చలిమీద 5డబ్ల్యూ, వేడిమీద 40. 50 గ్రేడు ఊసు వద్దు.

మిక్సింగ్ లెక్క

ముందుగా 5డబ్ల్యూ-30 నాలుగు లీటర్ల క్యాను కొని 3.6 లీటర్లు పోసి, 500 కిలోమీటర్లు తిప్పి దించేశారు. గేజ్ రీడింగులు తీసుకోవడానికీ, యాభై గ్రేడు ఆనవాళ్లు కడిగేయడానికీ ఒకే నింపు పనికొచ్చింది. కిరోసిన్ పోసి స్టార్ట్ చేసి కడిగే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. ఆ రెండు నిమిషాల్లో బేరింగు బుష్‌లు అరిగే ప్రమాదం ఉంది. అదే సమయంలో వీవీటీ ఆయిల్ వాల్వ్ ఊడదీసి, దాని జల్లెడకు పట్టిన నల్లటి జిగురు కడిగారు.

క్యానులో 0.4 లీటర్ల 5డబ్ల్యూ-30 మిగిలింది. 5డబ్ల్యూ-40 ఆయిల్ 3.5 లీటర్ల క్యానులో వచ్చింది, అంటే నింపుకు 0.1 లీటరు తక్కువ. కలపాల్సిన అవసరం నిజ జీవితంలో ఇలా డబ్బా సైజుల వల్లే వస్తుంది. రెండూ ఒకే కంపెనీ, ఒకే సిరీస్, రెండింటి మీదా ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్‌ఎన్ ప్రమాణం ముద్ర. 5డబ్ల్యూ-40 నుంచి 3.2 లీటర్లు, మిగిలిన 0.4 కలిపి 3.6. టాప్ అప్‌కు 0.3 లీటరు మిగులుతుంది.

చిక్కదనం సగటు లెక్కకు లొంగదు. ప్రతి ఆయిల్ 100 డిగ్రీల చిక్కదనానికి 0.7 కలిపి, దాని లాగరిథం తీసి, వచ్చినదానికి మళ్లీ లాగరిథం తీయాలి. ఫోన్లోని సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ చాలు.

5డబ్ల్యూ-30: 10.5 + 0.7 = 11.2, లాగ్ 1.0492, మళ్లీ లాగ్ 0.0209.
5డబ్ల్యూ-40: 14 + 0.7 = 14.7, లాగ్ 1.1673, మళ్లీ లాగ్ 0.0672.

ఇక్కడ దిగకుండా ఉండిపోయే 0.4 లీటర్లను మరిచిపోకూడదు. అదీ దాదాపు 5డబ్ల్యూ-30యే కాబట్టి ఇంజన్‌లో మొత్తం 4 లీటర్లలో 0.8 ముప్పై, 3.2 నలభై. అంటే 20, 80 శాతం. 0.2 × 0.0209 + 0.8 × 0.0672 = 0.0579. ఇప్పుడు వెనక్కి రావాలి: 10ని 0.0579 ఘాతానికి తీస్తే 1.1427, 10ని ఆ 1.1427 ఘాతానికి తీస్తే 13.9; అందులోంచి 0.7 తీసేస్తే 13.2 సెంటీస్టోకులు. నలభై గ్రేడు పరిధిలో కింది సగం. సరిపోతుంది.

సగం సగం కలిపి ఉంటే 12.1 వచ్చేది, అంటే అది ఇంకా ముప్పై గ్రేడే. ముప్పై, నలభై సమానంగా కలిపితే ముప్పై ఐదు వస్తుందనుకోవడం వృథా, అలాంటి గ్రేడే లేదు. పలచటి ఆయిల్ ఎప్పుడూ తన వాటాకు మించి లాగుతుంది. పైగా మల్టీగ్రేడ్ ఆయిల్‌లోని పాలిమర్ వాడేకొద్దీ తెగిపోయి చిక్కదనం తగ్గుతుంది, కాబట్టి కలిపిన ఆయిల్ 12.5 అంచున పడేలా లెక్క వేసుకుంటే రెండు మూడు వేల కిలోమీటర్లకే ముప్పైలోకి జారవచ్చు. కనీసం 13 మీద లక్ష్యం పెట్టుకోవాలి.

"ముప్పై, యాభై చెరి సగం పోస్తే నలభై కాదా?" అని డ్రైవర్లు తరచూ అడుగుతారు. లెక్కకు 13.8 వస్తుంది, కాగితం మీద నలభయ్యే. కానీ వేడి వైపు అంకె ఒక్కటే ఈ సూత్రం ఇస్తుంది. చల్లటి వైపు డబ్ల్యూ అంకె బేస్ ఆయిల్, మైనం గడ్డకట్టకుండా చూసే రసాయనం మీద ఆధారపడుతుంది, దాన్ని ల్యాబులో కొలవాలే తప్ప లెక్క కట్టలేం. ఖనిజ ఆయిల్‌తో చేసిన 20డబ్ల్యూ సగం పడ్డాక ఆ మిశ్రమాన్ని 5డబ్ల్యూ అనడానికి లేదు. పొద్దుటి గరగర మళ్లీ మొదలవుతుంది.

ఏపీఐ గుర్తింపు ఉన్న ఇంజన్ ఆయిళ్లన్నీ ఒకదానితో ఒకటి కలవాలన్న పరీక్ష నెగ్గి వస్తాయి. కాబట్టి కలిపితే విరిగిపోతాయని, గడ్డకడతాయని భయం అక్కర్లేదు. కలుస్తాయి అన్నదానికే ఆ హామీ, కలిశాక పనితనం రెండింటిలో మంచిదానిలా ఉంటుందని కాదు. ఎస్‌ఎన్, దానికన్నా పాత ప్రమాణమైన ఎస్‌ఎల్ కలిపితే ఆ నింపును ఎస్‌ఎల్‌గానే చూడాలి.

అసలు కలపకూడనివి వేరే ఉన్నాయి. డీజిల్ లారీ ఆయిల్ చిక్కగా ఉందని పెట్రోలు కారులో పోస్తారు. సీకే-4 అనే డీజిల్ ప్రమాణం ఆయిల్‌లో ఫాస్ఫరస్ 0.12 శాతం దాకా ఉండొచ్చు, ఏపీఐ ఎస్‌ఎన్ 5డబ్ల్యూ-30లో 0.08 మించకూడదు. తేడా పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పడుతుంది. ఇంకా దారుణం గేర్ ఆయిల్. 90 అన్న అంకె చూసి యాభై కన్నా ఎంతో చిక్కన అనుకుంటారు. గేర్ ఆయిళ్ల కొలబద్దే వేరు: అందులో 90 అంటే 13.5 నుంచి 18.5 సెంటీస్టోకుల లోపు. మన నలభై, యాభై చిక్కదనమే. చిక్కదనం రాదు సరికదా, అందులోని గంధకం రసాయనం ఇంజన్‌కు అనవసరపు తద్దినం.

పోసిన తీరు

ఐదు లీటర్ల శుభ్రమైన ఖాళీ క్యాను, లోపల తేమ లేకుండా. రెండు ఆయిళ్లూ కొలజగ్గుతో కొలిచి అందులో పోసి, మూత బిగించి మెల్లగా ఐదు నిమిషాలు తిరగేస్తూ కలపాలి. వేడి చేయాల్సిన పని లేదు. నేరుగా ఇంజన్‌లో ఒకదాని వెనక ఒకటి పోసినా రెండు నిమిషాల్లో కలిసిపోతాయి. క్యాను వాడేది కొలత తప్పకుండా ఉండటానికి. రెండు వేర్వేరు సిరీస్‌లు కలపాల్సి వస్తే మాత్రం వంద మిల్లీలీటర్లు గాజు సీసాలో పోసి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి చూడాలి. పొద్దున మబ్బుగా కనిపించినా, అడుగున ఏదైనా దిగినా పారబోయడమే.

డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్. బిగింపు ఈ బోల్టుకు 35–40 న్యూటన్ మీటర్లు, పొడుగు రాడ్డుతో తొక్కితే అల్యూమినియం చాంబర్ మర ఊడి వస్తుంది. ఫిల్టరు రబ్బరుకు ఆయిల్ రాసి, అది తగిలాక చేత్తో ముప్పావు చుట్టు. ఫిల్టరులో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు పొర ఉందో లేదో రంధ్రాల్లోంచి వేలితో నొక్కి చూడాలి. నాసిరకం ఫిల్టర్లలో అది గట్టి ప్లాస్టిక్‌లా ఉంటుంది, అప్పుడు ఏ గ్రేడు పోసినా పొద్దుటి చప్పుడు పోదు. మొదట 3.2 లీటర్లు పోసి, స్టార్ట్ చేసి ఒక నిమిషం నడిపి, ఆపి పది నిమిషాలు ఆగి, స్టిక్ చూస్తూ మిగిలింది పోయాలి. పై గీత దాటించకూడదు. క్రాంక్ ఆయిల్‌ను చిలికితే నురుగు వస్తుంది, నురుగుతో ప్రెషర్ పడుతుంది. అదే లైటు, మళ్లీ అదే అపోహ.

తర్వాత

గరగర 5డబ్ల్యూ-30 నింపిన రెండో రోజుకే పోయింది. పి0011 చెరిపేశాక తిరిగి రాలేదు. మైలేజీ 16.8 దగ్గర నిలిచింది. 17 మళ్లీ రాలేదు, నలభై గ్రేడు లాగుడులో ఆ కాస్త పోవడం సహజం. కొత్త నింపుతో 95 డిగ్రీల దగ్గర గేజ్ 1.1, 3.6 బార్ చూపింది. మే మధ్యాహ్నం నిండు లోడుతో గంటన్నర నడిపి ఆపగానే తీగతో కొలిస్తే ఆయిల్ 113 డిగ్రీలు, స్లో రన్నింగులో 0.8 బార్. వాల్వ్ సీల్స్ మార్చాక 4,000 కిలోమీటర్లకు ఖర్చు 250 మిల్లీలీటర్లు.

మధ్యలో ఒకసారి దారిలో దొరక్క 20డబ్ల్యూ-50 ఆయిల్ 300 మిల్లీలీటర్లు టాప్ అప్ చేశానని డ్రైవరు కంగారుగా ఫోన్ చేశాడు. లెక్క వేస్తే 13.2 కాస్తా 13.5 అవుతుంది. ఇంజన్‌కు తేడా కూడా తెలియదు. తక్కువ లెవెల్‌తో తిప్పడం కన్నా అలా పోయడమే నయం. మార్పు గడువు 10,000 నుంచి 7,500కు తగ్గించి, పోసిన తేదీ, రీడింగు, "5డబ్ల్యూ-40, 3.6 లీటర్లు, ప్రతి వెయ్యికీ స్టిక్ చూడాలి" అని బానెట్ లోపల స్టిక్కరు అంటించారు.